మరి నా క్యాష్ అలవెన్సు ఏదీ?

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో మన కారులో మనం పెట్రోలు పోసుకోకూడదు. 1949లో చేసిన చట్టం అది, ఇప్పటికీ నడుస్తోంది. బంకులో కారాపి అద్దం దించి కూర్చుంటే మనిషి వచ్చి పోసి వెళ్తాడు. పెట్రోలు ప్రమాదకరం, తెలియనివాళ్ల చేతికివ్వకూడదన్నది చట్టంలో చెప్పిన కారణం. మా అబ్బాయి అక్కడే ఎడిసన్ ఊళ్లో ఉంటాడు కనుక నేనూ మా ఆవిడా వెళ్లినప్పుడల్లా ఈ రాచమర్యాద చూస్తుంటాం. ఆ బంకు దాటితే సూపర్‌మార్కెట్. అక్కడ వ్యవహారం తలకిందులు. బిల్లు మనమే వేసుకోవాలి, సంచిలో మనమే సర్దుకోవాలి, ఎక్కడైనా తేడా వస్తే మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం కింద మనమే నిలబడాలి.

సెల్ఫ్ చెకౌట్ అంటారు దాన్ని. మనుషులుండే కౌంటర్లు వరసగా ఉంటాయి గానీ తెరిచి ఉండేది ఒకటో రెండో. అక్కడ క్యూ చాంతాడంత. అంతసేపు నిలబడలేక ముసలీముతకా కూడా యంత్రాల వైపే నడుస్తారు. తర్వాత దుకాణంవాళ్లు, చూశారా, జనానికి ఇదే ఇష్టం అంటారు.

నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో కూర్చుని రిటైరైనవాణ్ణి. అందుకని ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. యంత్రాలంటే నాకు గిట్టదని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఏటీఎం వచ్చినప్పుడు అది నిజంగానే నా పని తను తీసుకుంది. నోట్లు అదే లెక్కపెట్టింది, అదే ఇచ్చింది, ఖాతాలో అదే రాసుకుంది. ఖాతాదారు చేసిందల్లా కార్డు పెట్టి నాలుగంకెలు నొక్కడం. సూపర్‌మార్కెట్లో ఈ యంత్రం ఏం చేస్తోందని? డబ్బాని అటూ ఇటూ తిప్పి నల్లగీతలు వెతికి చూపించేది నేను. కూరగాయ ఏమిటో చెప్పేది నేను. తూకానికి పెట్టేది, తీసేది, సంచిలో వేసేది నేనే. అది కూడిక వేస్తుంది, నిజమే. ఆ కూడిక క్యాషియర్ ఉన్నప్పుడూ యంత్రమే వేసేది. కొత్తగా ఇది చేస్తున్న పనల్లా నన్ను కనిపెట్టి ఉండటం.

ఆ కనిపెట్టడం ఎలాగంటే, సరుకుల బరువులు కంప్యూటర్లో ముందే ఎక్కించి ఉంటాయి. స్కాన్ చేసిన వస్తువు సంచిలో పడగానే కిందున్న కాటా మీద దాదాపు అంతే బరువు పెరగాలి. బాగా తగ్గినా హెచ్చినా యంత్రం ఆగిపోతుంది. న్యూజెర్సీలో 2022 మే నుంచి పెద్ద కిరాణా దుకాణాలు ప్లాస్టిక్ సంచులే కాదు, కాగితం సంచులు కూడా ఇవ్వకూడదు. మంచి చట్టమే, సంచి ఇంటి నుంచి పట్టుకెళ్తాం. మా ఆవిడది తెనాలిలో చీరల కొట్టువాళ్లిచ్చిన గుడ్డ సంచి, కాడలు గట్టివి. అది కాటా మీద పెట్టగానే, ఇదేదో నాకు తెలియని వస్తువని నలుగురూ వినేట్టు ప్రకటించింది యంత్రం. తీసేస్తే, తీసిన వస్తువు మళ్లీ పెట్టమంది. సొంత సంచి తెచ్చుకున్నానని చెప్పడానికి తెర మీద మీట ఉంది. అది నొక్కితే, సహాయకురాలు వస్తుంది, ఆగమంది. ఎనిమిది యంత్రాలకు ఒక్క అమ్మాయి. ఆ పిల్ల అవతల ఎవరికో కూపన్ పట్టడం లేదని తంటాలు పడుతోంది.

"ఏమండీ, మనం గానీ ఇక్కడ జీతం లేకుండా పనికి కుదిరామా?" అంది మా ఆవిడ.

తర్వాత అరటిపళ్లు. స్టిక్కరు మీద 4011 అంకె ఉంటే మామూలువి, 94011 ఉంటే ఆర్గానిక్. ఇలాంటి అంకెలు అక్కడి క్యాషియర్లకు ఎక్కాల్లా నోటికొస్తాయి. మేం తీసుకున్న అత్తానికి స్టిక్కరు ఊడిపోయింది. తెర మీద రెండు బొమ్మలు, రెండూ పసుపుపచ్చగా ఒకే రకంగా ఉన్నాయి. మామూలువని నొక్కితే, ఒకవేళ కాకపోతే, దుకాణానికి నష్టం. రెండోది నొక్కితే నాకు నష్టం. క్యాషియర్ ఇక్కడ తప్పు నొక్కితే దాన్ని పొరపాటంటారు. నేను నొక్కితే ఏమంటారో చెప్పడానికన్నట్టు, తెర పైమూల చిన్న గడిలో నా మొహమే నాకు కనిపిస్తోంది, నెత్తిమీది కెమెరా పట్టి చూపిస్తున్నది. అంతా అయి డబ్బు కట్టాక గుమ్మం దగ్గర ఇంకొకాయన రసీదు చూపించమన్నాడు.

బ్యాంకులో సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే సీటు కదిలేది లేదు. ఎక్కువొస్తే బ్యాంకుకి జమ, తక్కువొస్తే క్యాషియర్ జేబుకి చిల్లు. అందుకే జీతం మీద క్యాషియర్‌కి విడిగా అలవెన్సు ఇచ్చేవారు. ఆ మొత్తం పెద్దదేం కాదు గానీ, చేయి జారే ప్రమాదం ఈ మనిషి నెత్తిన పెట్టాం అని యాజమాన్యం ఒప్పుకున్నట్టు అది. సూపర్‌మార్కెట్లో ఇప్పుడు ఆ కౌంటర్ పని నాకు ఒప్పజెప్పారు, తేడా వస్తే జవాబుదారీ నాకే ఒప్పజెప్పారు. పాలడబ్బా మీద ఒక్క సెంటు తగ్గించలేదు.

పని కొనేవాళ్ల మీదకు నెట్టడం కొత్తేం కాదు. ఒకప్పుడు అమెరికాలోనూ మన కిరాణా కొట్లలాగే గుమాస్తాకు చీటీ ఇస్తే అతనే తీసి పొట్లం కట్టేవాడు. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని కొట్టు తెరిచి, బుట్ట పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లే తీసుకోండి అన్నాడు. గుమాస్తాల ఖర్చు తగ్గింది, ధరలూ తగ్గించాడు. వస్తువు చేత్తో పట్టి చూసుకునే వీలూ జనానికి దొరికింది. అది బేరం. 1986లో అట్లాంటా దగ్గర ఒక క్రోగర్ దుకాణంలో డేవిడ్ హంబుల్ అనే ఆయన తన సెల్ఫ్ చెకౌట్ యంత్రాన్ని పెట్టినప్పుడు కూడా జనం స్కాన్ మాత్రమే చేసుకుని, డబ్బు మనిషి చేతికే ఇచ్చేవారు. తర్వాత ఆ మనిషీ పోయాడు.

మా అబ్బాయి వాదన వేరు. "నాన్నా, రెండు వస్తువులకి అరగంట లైన్లో ఎవరుంటారు?" అంటాడు. ఒప్పుకుంటాను. పాలూ రొట్టే కొని పరుగెత్తేవాడికి ఇది బాగానే ఉంటుంది. నెల సరుకులు నింపిన బండితో వచ్చినవాణ్ణి అక్కడికి తోలడమే అన్యాయం. ఉద్యోగులకు నిలువుకాళ్ల కొలువు తప్పింది కదా అని కూడా కొందరంటారు. అమెరికా దుకాణాల్లో క్యాషియర్లు చాలా చోట్ల రోజంతా నిలబడే ఉంటారు, ఆల్డీ లాంటి చోట మాత్రం కూర్చోనిస్తారు. దానికి మందు యంత్రమా? ఒక కుర్చీ వేస్తే పోయేది.

దుకాణాలవాళ్లు కూడా ఇప్పుడు వెనక్కి తగ్గుతున్నారు. ఇంగ్లండ్ ఉత్తరాన బూత్స్ అనే పాత సంస్థ 2023 నవంబరులో, రెండు దుకాణాల్లో తప్ప అన్నిచోట్లా ఈ యంత్రాలు తీసేస్తున్నామని చెప్పింది. అవి నిదానం, నమ్మలేం, మనిషితనం లేదని కొనేవాళ్లు మొత్తుకున్నారట. 2024లో అమెరికాలో టార్గెట్ సంస్థ తన దుకాణాల్లో చాలాచోట్ల ఈ యంత్రాల దగ్గర పది వస్తువుల పరిమితి పెట్టింది. అదే ఏడాది డాలర్ జనరల్ వేల దుకాణాల్లో వీటి వాడకం తగ్గించింది, కారణం జనం మీద ప్రేమ కాదు, సరుకు లెక్క తేలకుండా పోవడం. నెదర్లాండ్స్‌లో జంబో అనే సంస్థ 2019లో, నాలుగు మాటలు మాట్లాడుతూ నింపాదిగా బిల్లు వేయించుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక కౌంటరే పెట్టింది, ముఖ్యంగా ఒంటరి పెద్దవాళ్ల కోసం. పగలంతా పిల్లలు ఆఫీసుల్లో ఉంటే నాలుగు గోడల మధ్య కూర్చునే మాలాంటి తల్లిదండ్రులకు దాని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

మన దగ్గర బిల్లింగ్ కౌంటర్ల మీద ఇంకా మనుషులే ఎక్కువ, ఇంటరో డిగ్రీనో చదివిన ఆడపిల్లలే చాలామంది. వాళ్ల సంపాదనతో నడిచే ఇళ్లున్నాయి. బయటికొచ్చేటప్పుడు సెక్యూరిటీ అతను బిల్లు చూసి ముద్ర వేసే అలవాటు మనకు ముందే ఉంది, కాబట్టి యంత్రం వస్తే అనుమానం ఏ స్థాయికి వెళ్తుందో ఊహించుకోవచ్చు. మాల్స్‌లో అక్కడక్కడా ఇప్పటికే మొదలైంది. ఆంధ్ర, తెలంగాణ కార్మిక శాఖలు ఇవి పాతుకుపోకముందే నిబంధన పెట్టాలి. కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ నగరం 2025లో ప్రతి మూడు యంత్రాలకు ఒక ఉద్యోగి ఉండాలనీ, 15 వస్తువులు మించితే మనిషి కౌంటరుకే పంపాలనీ చట్టం చేసింది. అది తెచ్చి ఇక్కడ పెట్టినా చాలు. దానికి ఇంకొక్క మాట కలపాలి. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ కనీసం ఒక కౌంటర్లో మనిషి ఉండి, నోట్లిచ్చినా తీసుకోవాలి.