టవర్ రికార్డ్స్ ఖూనీ: ఇల్జామ్ ఇంటర్నెట్‌దా, కర్జాదా?

"ఇంటర్నెట్ వచ్చింది, పాటల దుకాణాలు మూతబడ్డాయి." ఎవరిని అడిగినా ఇదే జవాబు. అందులో సగం ఝూట్. అమెరికాలో టవర్ రికార్డ్స్ హిసాబ్-కితాబ్ తెరిచి చూడండి, అస్లీ ముజ్రిమ్ ఎవరో తెలుస్తుంది.

సాక్రమెంటోలో అబ్బా మందుల దుకాణంలో ఓ మూల పాత రికార్డులు అమ్మిన కుర్రాడు రస్ సాలమన్. 1960లో టవర్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో, తర్వాత లాస్ ఏంజిలిస్, 1980లలో న్యూయార్క్. అర్ధరాత్రి దాకా తలుపులు తెరిచే ఉండేవి. ఏ దుకాణంలో ఏ మాల్ ఉంచాలో అక్కడి గుమాస్తాలే తేల్చేవారు. షౌక్ ఉన్నవాడే గల్లా ముందు, షౌక్ ఉన్నవాడే గల్లా వెనక. బర్కత్ అక్కడినుంచే వచ్చింది.

మరి బర్బాదీ ఎక్కడినుంచి? తారీఖులు చూడండి. నాప్‌స్టర్ పుట్టింది 1999లో. టవర్ 11 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి కర్జా తెచ్చుకున్నది 1998లో. దేశం తర్వాత దేశంలో దుకాణాలు తెరిచే హవస్! 1999లో అమ్మకాలు వంద కోట్ల డాలర్లు దాటాయి, జనం వాహ్వా అన్నారు. అమ్మకం వేరు, నఫా వేరు అని ఎవరూ అడగలేదు.

ఇక కస్టమర్ సంగతి. ఒక్క పాట నచ్చినా పద్దెనిమిది డాలర్ల దాకా పోసి మొత్తం సీడీ కొనాల్సిందే. విడి పాటల అమ్మకాన్ని కంపెనీలే తగ్గించేశాయి. ధరలు కావాలని ఎక్కువగా నిలబెట్టారన్న కేసులో 2002లో ఐదు పెద్ద మ్యూజిక్ కంపెనీలు, టవర్‌తో సహా మూడు దుకాణ సంస్థలు రాజీకి వచ్చాయి. తప్పు ఒప్పుకోకుండానే నగదు, సీడీలు కలిపి 14 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చుకున్నాయి. అలా దోచుకున్నాక జనం ముఫ్త్ పాటల వైపు పరుగెత్తితే తాజ్జుబ్ ఏముంది?

నాప్‌స్టర్ నుక్సాన్ చేయలేదని అనను. వాల్‌మార్ట్ లాంటివి సీడీలను చవగ్గా అమ్మి దెబ్బ కొట్టిన మాటా నిజమే. కానీ జపాన్ గవాహీ వినండి. కర్జా తీర్చడానికి టవర్ 2002లో తన జపాన్ దుకాణాలను అక్కడి యాజమాన్యానికే అమ్మేసింది. అదే పేరు, అదే పసుపు-ఎరుపు బోర్డు, ఇంటర్నెట్ అక్కడా ఉంది. షిబుయాలో తొమ్మిదంతస్తుల దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ సీడీ ధరకు కానూన్ అండ ఉందంటారు, సహీ. కానీ అమెరికా కర్జా వాళ్ల మెడకు లేదన్నది కూడా అంతే సహీ.

2004లో దివాలా. కంపెనీలో 85 శాతం బాండ్లవాళ్ల చేతికి పోయింది, సాలమన్ ఖానదాన్‌కు మిగిలింది 15. 2006లో మళ్లీ దివాలా, వేలం. కొన్ని దుకాణాలైనా నడుపుదామన్న కంపెనీ కేవలం 5 లక్షల డాలర్ల తేడాతో ఓడింది. గెలిచినవాళ్లు సామాను అమ్ముకుని తాళం వేశారు. దాదాపు మూడు వేలమంది రోజీ-రోటీ పోయింది. ఆ గుమాస్తాలు ఏ బాండు మీదా దస్తఖత్ పెట్టలేదు.

మన ఇళ్లలోనూ బేటా దుకాణం నాలుగు రోజులు బాగా నడిస్తే "రెండో బ్రాంచి ఎప్పుడు?" అని అడుగుతాం. ముందు "కర్జా ఎంత?" అని అడగండి. మాలిక్ ఎవరో తేల్చేది బోర్డు మీది పేరు కాదు, ఆ జవాబు.