నేల టిక్కెట్టు విలువ

తెలుగుదేశాన ఏ చిన్న పట్టణంలోనైనా దారి అడిగినవారికి నేటికీ పాత సినిమాహాలు పేరునే గుర్తుగా చెబుతారు. ఆ హాలు ఒకచోట కల్యాణమండపమైంది. ఒకచోట గిడ్డంగి అయింది. మరొకచోట నేలమట్టమై ఇళ్ళస్థలాలుగా మారింది. పేరు మాత్రం ఆ కూడలిని విడిచిపోలేదు. భవనం పోయినా పేరు నిలిచిందంటే, ఊరి జీవితంలో దానికెంతటి చోటు ఉండేదో ఊహింపవచ్చు.

తెలుగువారి సినిమాహాళ్ళ చరిత్ర నూరేండ్లు దాటింది. రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటరును నిర్మించి దారి చూపారు. 1921లో బెజవాడలో మారుతీ సినిమా వెలసింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెర తెలుగు పలికింది. అటుపిమ్మట విద్యుత్తు చేరిన పట్టణాలకు టాకీసులు వచ్చాయి. చేరని పల్లెలకు డేరాతో, ఇంజనుతో టూరింగు టాకీసులు తరలివెళ్ళాయి.

ఆనాటి హాలు ఊరికి గడియారం కూడా. సాయంకాలం పైకప్పు మీది లౌడుస్పీకరులో ఘంటసాల భక్తిగీతం మొదలైతే, ఆట వేళ అయిందని పొలాలలోని వారికి సైతం తెలిసేది. పగలు ఒంటెద్దు బండికి రెండువైపులా పోస్టర్లు కట్టి, కరపత్రాలు పంచుతూ పోతుంటే పిల్లలు వెంటబడేవారు. లోపల నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు ఉండేవి. ఆడవారికి వేరే వరుస ఉండేది. సమాజంలోని అంతరాలు ఆ గోడల నడుమ కూడా ఉన్నమాట నిజమే. అయినను కూలికీ, కరణానికీ ఒకే కథ, ఒకే క్షణాన కంట నీరు తెప్పించిన చోటు ఊరిలో మరొకటి అరుదు.

ఆ వినోదం వెనుక శ్రమ తక్కువది కాదు. వెయ్యి అడుగుల రీలు తెరపై పదకొండు నిమిషాలే నడుస్తుంది. ఒకే ప్రొజెక్టరు గల హాలులో రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. కర్బనపు కడ్డీల వెలుగు తగ్గకుండా ఆపరేటరు కనిపెట్టుకొని ఉండేవాడు. ఒకే ప్రింటును రెండు ఊళ్ళలో ఆడించినప్పుడు రీళ్ళు సైకిలు మీద పరుగెత్తేవి. డిజిటల్ ప్రదర్శన వచ్చి ఈ పాట్లన్నింటినీ తప్పించింది. ఆ పనివారి బ్రతుకుతెరువును కూడా తప్పించింది.

హాళ్ళు మూతపడడానికి కారణం టెలివిజనేనని కొందరు, చేతిలోని ఫోనని కొందరు అంటారు. అది సగం నిజం. మిగిలిన సగం లెక్కలలో ఉన్నది. ఏడాదిలో కొద్దిపాటి పెద్ద చిత్రాలు మాత్రమే జనాన్ని రప్పించగలుగుతున్నాయి. అవి కూడా కొన్ని వారాలకే ఇంటి తెరకు చేరుతున్నాయి. తక్కిన దినాలలో కరెంటు బిల్లుకు సరిపడ వసూలు రాక 2024 మే నెలలో తెలంగాణలో ఒంటితెర హాళ్ళవారు పది రోజులు ఆటలు నిలిపివేశారు. మల్టీప్లెక్సులకు వసూలులో వాటా దక్కుతుండగా తమకు అద్దె మాత్రమే ఏమిటని 2025 మే నెలలో ప్రదర్శకులు ప్రశ్నించి, జూన్ 1 నుండి హాళ్ళు మూసెదమని హెచ్చరించి, తరువాత విరమించుకొన్నారు.

టిక్కెట్టు ధర సంగతి మరీ చిత్రమైనది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాలలో కనీసపు ధరను 5 రూపాయలుగా నిర్ణయించింది. 2022 మార్చిలో ఆ ధరలను సవరించింది. మరొకవంక పెద్ద చిత్రాలు విడుదలైన తొలి దినాలలో ధరలు పెంచుకొనుటకు అనుమతులు లభిస్తున్నాయి. ఐదు రూపాయలతో హాలు నిలువదు. వందలు పెట్టి కూలివాని కుటుంబం సినిమా చూడలేదు. ఒకటి యజమానిని, ఒకటి ప్రేక్షకుని దూరం చేస్తున్నది. నేల టిక్కెట్టు రహస్యం ఈ రెంటి నడుమనే ఉండేది: ధర చిన్నది, వచ్చేవారు మెండు.

అట్లని యజమానులు నిర్దోషులనడానికీ వీలులేదు. తిరుగని పంకాలు, విరిగిన కుర్చీలు, కాలు పెట్టరాని మరుగుదొడ్లు కుటుంబాలను, అందులోనూ స్త్రీలను, ఏనాడో ఇంటికి పంపివేశాయి. పోయిన ప్రేక్షకుని తిరిగి పిలువడం జ్ఞాపకాల వల్ల అయ్యే పని కాదు. శుభ్రమైన హాలు, అందుబాటు ధర, వసూలులో న్యాయమైన వాటా—ఈ మూడూ కూడినచోటనే అది సాధ్యం.

పాఠశాలలకు ఇందులో పని లేకపోలేదు. ఒకనాడు ఉపాధ్యాయులు పిల్లలను వరుసలు కట్టించి బాలల చిత్రాలకు తీసుకొని వెళ్ళేవారు. ఉదయపు ఆట ఖాళీగా ఉన్న హాలు నేటికీ అందుకు పనికివస్తుంది. హాలు లేని ఊళ్ళో విద్యార్థులు పాత ఆపరేటరునో, గేటు కాపలాదారునో కలుసుకొని వారి మాటలు వ్రాసిపెట్టవచ్చు. కూడలికి పేరు మిగిలింది. ఆ పేరు ఎందువల్ల వచ్చిందో చెప్పగలవారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.