లాగోస్ నుంచి అక్రా: గాల్లో గంట, రోడ్డు మీద మూడు సరిహద్దులు

నైజీరియాలోని లాగోస్ నుంచి ఘనా రాజధాని అక్రాకు గాలిలో దూరం సుమారు 400 కిలోమీటర్లు. విమానం గంటలో దించేస్తుంది. అక్రా గడియారం లాగోస్ కంటే గంట వెనక నడుస్తుంది కాబట్టి, ఇక్కడ పదింటికి ఎక్కితే అక్కడ దిగేసరికీ పదే.

ఇంత దగ్గరైనా టికెట్ మాత్రం సామాన్యుడికి అందడం లేదు. ప్రయాణికుడి మీద, భద్రత పేరిట వేసే రుసుములు దూరం తక్కువని తగ్గవు కదా! అందుకే చిన్న ప్రయాణంలోనే ఆ భారం ఎక్కువగా తెలుస్తుంది. ఆఫ్రికా దేశాలు ఒకరి ఆకాశాన్ని మరొకరికి తెరవాలని యమౌసుక్రోలో ఒప్పుకున్నది 1999లో. అమలు ఇప్పటికీ నత్తనడకే.

మరి బస్సు? రోడ్డు దారి 470 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో బెనిన్, టోగో దేశాలు. సెమె, హిల్లాకొంజి, అఫ్లావో అని మూడు చోట్ల దిగి, క్యూలో నిలబడి, కాగితాలు చూపించాలి. నైరా, సీఎఫ్ఏ ఫ్రాంక్, సెడి అని మూడు రకాల డబ్బు. చెక్‌పోస్టుల్లో చేతులు తడపడం సరే సరి. పొద్దున ఎక్కినవాళ్లు రాత్రికి చేరితే అదృష్టమే.

పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ పౌరులకు 90 రోజుల దాకా వీసా అక్కర్లేదని ఒప్పందం రాసుకున్నది 1979లో. నాలుగేళ్లు తిరగకుండానే, 1983 జనవరిలో, నైజీరియా విదేశీయుల్ని వెళ్లిపొమ్మంది. చమురు ధర పడిపోయి ఉద్యోగాలు కరువైన కాలమది. సుమారు 10 లక్షల మంది ఘనా వాసులు ఇదే రోడ్డు పట్టారు. అప్పటికి ఘనా తన సరిహద్దు మూసేసి ఉంది. దాంతో జనం బెనిన్‌లో దారి మధ్యనే ఇరుక్కుపోయారు. వాళ్లు సామాను కుక్కుకున్న గళ్ల సంచికి అక్కడ నేటికీ 'ఘనా మస్ట్ గో' అనే పేరు. అయితే 1969లో ఘనా కూడా నైజీరియన్లను ఇలాగే పంపించింది. అందుకే తప్పంతా ఒక్కరిదే అనలేం.

2019 ఆగస్టులో నైజీరియా స్మగ్లింగ్ పేరు చెప్పి భూసరిహద్దులు మూసింది, 2020 డిసెంబర్ దాకా. నష్టపోయింది ఎక్కువగా చిన్న వ్యాపారులే.

ఇప్పుడు రెండు ఆశలున్నాయి. విమాన టికెట్ల మీద పన్నులు ఎత్తేసి, రుసుముల్ని 25 శాతం తగ్గించాలని ఎకోవాస్ నిర్ణయించింది. 2026 జనవరి 1 నుంచి అమలు అన్నారు. రెండోది, అబిజాన్ నుంచి లాగోస్ దాకా 1,028 కిలోమీటర్ల హైవే. ఒప్పందంపై 2014లోనే సంతకాలయ్యాయి. రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదు, సరిహద్దులో గంటల నిరీక్షణ తగ్గాలి. అది తగ్గకపోతే ఆరు లేన్ల రోడ్డు వేసినా బస్సు గేటు దగ్గర ఆగాల్సిందే.

అక్కడ ఉద్యోగాలకు వెళ్లే మనవాళ్లకు ఒక మాట. ఎకోవాస్ సౌకర్యం మన పాస్‌పోర్టుకు వర్తించదు, ఏ దేశానికి ఆ దేశం వీసా చూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు పారేసుకోవద్దు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.