ప్లేట్‌లెట్ల లెక్క సరిగా ఉంటే చాలదు



మన ఇండ్లలో పెండ్లి మాట వస్తే ఇంటిపేరు, గోత్రం, జాతకం అన్నీ చూస్తాం. రక్తం సంగతి మాత్రం అడగం. ముఖ్యంగా మేనరికం చేసేటప్పుడు అది అడిగి తీరాలని మేమంటాం. ఎందుకో చెబుతాం.

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అనే మాట అందరికీ తెలిసింది. తమిళంలో తట్టణుక్కళ్ అంటారు. వాటి ఒంటిమీద పట్టుకునే కొక్కేల వంటి ప్రోటీన్లు ఉంటాయి. వీటిని ఇంటిగ్రిన్లు అంటారు. మనిషి ఒంట్లో ఇవి 24 రకాలు. ప్లేట్‌లెట్ల మీద ముఖ్యమైన రకం ఒక్కో దానిపై వేల సంఖ్యలో ఉంటుంది.

రక్తం మామూలుగా పారుతున్నప్పుడు ఈ కొక్కెం ముడుచుకొని ఉంటుంది. లేకుంటే నాళంలోనే గడ్డలు కడతాయి. ఎక్కడైనా తెగితే ప్లేట్‌లెట్ లోపలి నుంచి కబురు వస్తుంది. టాలిన్ అనే ప్రోటీను కొక్కెం తోకను పట్టుకుంటుంది, కొక్కెం తెరుచుకుంటుంది. అప్పుడది రక్తంలోని ఫైబ్రినోజెన్‌ను అందుకుంటుంది. ఒక ఫైబ్రినోజెన్ రెండు ప్లేట్‌లెట్లను కలుపుతుంది, రెండు బోగీల నడుమ కప్లింగ్ లాగా. పట్టు దొరికాక బయటి నుంచి లోపలికి ఇంకో కబురు పోతుంది. దాంతో ప్లేట్‌లెట్ పరుచుకుంటుంది, గడ్డ గట్టిపడుతుంది.

ఈ కొక్కెం పుట్టుకతోనే లేకపోయినా, పనిచేయకపోయినా వచ్చే జబ్బును 1918లో గ్లాంజ్‌మాన్ అనే స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు వివరించారు. జబ్బుకు ఆయన పేరే పెట్టారు. ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం ఆగకుండా కారుతుంది. ఒంటిమీద ఊరికే కమిలిన మచ్చలు వస్తాయి. పెద్దమనిషైన ఆడపిల్లకు నెలసరి ప్రాణం మీదికి తెస్తుంది. కానీ ప్లేట్‌లెట్ల లెక్క చూస్తే మామూలుగానే ఉంటుంది! బోగీలు అన్నీ ఉన్నాయి, కప్లింగే లేదు. అవి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయా అని వేరే పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్లకు ఏ బాధా ఉండదు. అలాంటి ఇద్దరికి పెండ్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనబావ మరదళ్లకు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. మేనమామకు, అక్క కూతురికి నాలుగో వంతు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించే చోట్లలో దక్షిణ భారతదేశం పేరు కూడా వైద్య గ్రంథాలలో ఉంది.

తాతల కాలం నుంచి చేస్తున్నాం, ఏమైంది అని పెద్దలు అడుగుతారు. నలుగురిలో ముగ్గురికి రాకపోవచ్చు కదా, అందుకే కనపడలేదు. వచ్చిన బిడ్డను దిష్టి అన్నాం, తల్లి జాతకం అన్నాం. ఆ నింద ఆడవాళ్లే మోశారు. లోపం ఇద్దరి వైపు నుంచీ వస్తుందని సైన్సు చెబుతోంది.

మేనరికం మానండని మేము ఆజ్ఞ వేయడం లేదు. రెండు వైపులా రక్తం ఆగని వాళ్లెవరైనా ఉన్నారా అని అడగండి. ఉంటే పెండ్లికి ముందే రక్తజబ్బుల డాక్టరును చూడండి. అలాంటి బిడ్డకు ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా ఇవ్వకండి. ఈ మాట వచ్చే సర్వసభ్య సమావేశంలో, ఆడవాళ్లు కూడా ఉండగా, మాట్లాడుకోవాలని మా కోరిక.