లెక్కలో లేని బిడ్డ

కుటుంబ బలిపీఠము

ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు చెప్పుకోవాలని ఉన్నది. చదివి, మీ ఇంటికి అవసరమైనది తీసుకొనండి.

2019 జనవరిలో ఒక బైబిలు కళాశాల విద్యార్థులు పదహారుగురు, బైబిలు భూగోళము నేర్చుకొనుటకు రెండు వారాలు ఇశ్రాయేలు దేశము వెళ్ళారు. అందరూ పల్లెటూరి బిడ్డలే. వారిలో ఆరుగురు ఆడపిల్లలు. “అమ్మగారు వెంట ఉంటేనే మా పిల్లను పంపుతాము అయ్యగారూ” అని వారి తల్లిదండ్రులు పట్టుబట్టారు. అందుచేత కళాశాలవారు నన్నూ నా భార్యనూ తోడు వెళ్ళమన్నారు. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. వాడిని ఎవరి దగ్గర వదలాలో తోచలేదు. మా ఇద్దరి ఖర్చు కళాశాల భరించింది. వాడి టికెట్టు కోసం నా భార్య తన గాజులు రెండు బ్యాంకులో కుదువ పెట్టింది.

ముంబయి మీదుగా అమ్మాను నగరము చేరి, అక్కడి నుండి బస్సులో యొర్దాను వంతెన దాటి వెళ్ళాము. మొదటి రోజు నుండే నా భార్య పదహారుగురికి తల్లి అయినది. మూడు రోజులు గడిచేసరికి రొట్టె, సెనగల ముద్ద తినలేక పిల్లలు నీరసించారు. ఆమె తెచ్చిన చిన్న కరెంటు కుక్కరులో అన్నం వండి, ఆవకాయ కలిపి ముద్దలు పెట్టింది. ఒక అమ్మాయి ఆ ముద్ద చేతిలో పట్టుకొని, వాళ్ళ అమ్మను తలచుకొని ఏడ్చింది. గలిలయ సముద్రము ఒడ్డున మరొక అబ్బాయి, “ఇదేనా అయ్యగారూ? మా కొల్లేరు కంటే చిన్నదిగా ఉందే!” అన్నాడు. నిజమే. దాని పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు మాత్రమే. అయితే అది సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల మధ్య ఉన్నది. ఆ కొండల మీది నుండి చల్లగాలి ఒక్కసారి దిగితే నీళ్ళు అల్లకల్లోలమవుతాయి. శిష్యులు ఎందుకు భయపడ్డారో ఆ పిల్లలకు అక్కడ అర్థమైనది.

నాకున్న పని లెక్క చూసుకోవడము. పదహారు పేర్ల కాగితము జేబులో పెట్టుకొని, బస్సు ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒక్కొక్క పేరు పిలిచేవాడిని. ఎవరి పిల్లనైనా పోగొట్టుకొంటే ఆ తల్లికి ఏమని జవాబు చెప్పాలి? ఆ భయంతో రాత్రులు నిద్ర పట్టేది కాదు.

తొమ్మిదవ రోజు యెరూషలేము పాత పట్టణములో ఉన్నాము. ప్రాకారములలోపలి స్థలము ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు గాని, సందులు, మెట్లు, దుకాణములు, జనము కలిసి మనిషిని మ్రింగివేస్తాయి. పరిశుద్ధ సమాధి ఆలయము ముంగిట నిలబడి, ఆ తలుపు తాళపుచెవి కొన్ని శతాబ్దములుగా ముస్లిం కుటుంబముల చేతిలో ఎందుకున్నదో నేను విద్యార్థులకు చెబుతున్నాను. మా వాడు నా చొక్కా పట్టుకొని లాగాడు. “నాన్నా, ఆ కిటికీ క్రింద నిచ్చెన ఎందుకుంది?”

“పాఠము మధ్యలో మాట్లాడొద్దన్నానా? తరువాత చెబుతాను” అన్నాను.

అక్కడి నుండి బజారు సందుల గుండా యొప్పే గుమ్మము దగ్గరకు వచ్చాము. నేను కాగితము తీసి పేర్లు పిలిచాను. పదహారుగురూ పలికారు. “స్తోత్రము, అందరూ వచ్చారు” అన్నాను. బస్సు వైపు నడుస్తుండగా నా భార్య, “బాబు మీ దగ్గర లేడా?” అన్నది. “నీ దగ్గర కాదా?” అన్నాను.

ఆ తరువాత మేము ఎలా పరుగెత్తామో చెప్పలేను. వచ్చిన దారి నాకు గుర్తు లేదు. ప్రతి సందూ ఒక్కలాగే ఉన్నది. ముప్పావు గంట తరువాత ఆలయపు ముంగిటికి వెళ్ళే సందు మొదట్లో, రొట్టెలు అమ్మే ఒక అరబ్బు ముసలాయన ప్రక్కన, బల్ల మీద వాడు కూర్చుని ఉన్నాడు. చేతిలో నువ్వులద్దిన రొట్టె సగము ఉన్నది. వారిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఆయన వాడిని కదలనివ్వలేదు. నేను రొట్టె ఖరీదు ఇస్తే తీసుకొని, నన్ను వేలెత్తి చూపి చాలాసేపు కోప్పడ్డాడు. నాకు అరబ్బీ రాకపోయినా ఆ మాటలు అర్థమైనవి.

“నువ్వు నన్ను కేకేయలేదేమిరా?” అని అడిగాను.

“నిచ్చెన చూస్తూ ఉండిపోయాను. మీరు వెళ్తుంటే చూశాను నాన్నా. మధ్యలో మాట్లాడొద్దన్నావు కదా. నన్ను లెక్కపెట్టేటప్పుడు తెలుస్తుందిలే అనుకున్నాను.”

ఆ మాట ఈనాటికీ నా ప్రాణములో గ్రుచ్చుకొనియున్నది. తొమ్మిది రోజులలో ఒక్కసారైనా నేను వాడిని లెక్కపెట్టలేదు. వాడి పేరు నా కాగితములో లేదు. ఆ రాత్రి నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు. నా జేబులోని కాగితము తీసి, పదహారవ పేరు క్రింద వాడి పేరు వ్రాసి, మరల జేబులో పెట్టింది.

అదే పట్టణములో యోసేపు మరియలకు జరిగిన సంగతి మీకు తెలుసు. పన్నెండేళ్ళ బాలుడు బంధువుల గుంపులో ఉన్నాడనుకొని వారు ఒక దినప్రయాణము సాగిపోయారు. వారు బాలుని వెదకుతూ వెనుకకు వచ్చారు. మరి ఏలీ సంగతి? హన్నా అప్పగించిన సమూయేలును మందిరములో చక్కగా పెంచాడు. కన్న కుమారులిద్దరూ చేయి దాటిపోయారు. పరుల బిడ్డను పెంచడములో తప్పు లేదు. ఆ సేవ చాటున మన బిడ్డను మరచిపోవడమే ప్రమాదము.

మరునాడు హిజ్కియా సొరంగములో నడిచాము. అది సుమారు 533 మీటర్ల పొడవు. కొండ రాతిని తొలిచి, గిహోను ఊట నీటిని సిలోయము కోనేటికి మళ్ళించినది. లోపల చిమ్మచీకటి, చల్లటి నీళ్ళు. ఈసారి మా వాడు ముందు, నేను వాడి భుజము పట్టుకొని వెనుక, విద్యార్థులు మా వెనుక. ఆ పనివారు రెండు వైపుల నుండి తొలుచుకుంటూ వచ్చి, మధ్యలో రాతి అవతలి మనుష్యుల గొంతు విని కలిసికొన్నారని తెలిపే శిలాశాసనము 1880లో అక్కడ దొరికినది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియములో ఉన్నది. అది చెప్పినప్పుడు మా వాడు ఆగి, “గొంతు వినబడకపోతే కలిసేవాళ్ళు కాదా నాన్నా?” అన్నాడు.

“కలిసేవారు కాదురా” అన్నాను.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని నిచ్చెన సంగతి చెప్పాను. ఆ ఆలయమును ఆరు క్రైస్తవ శాఖలవారు పంచుకొన్నారు. అందరి సమ్మతి లేకుండా ఎవరూ ఏ వస్తువూ కదపకూడదని కట్టడి. అందుచేత 18వ శతాబ్దము నుండి ఆ కొయ్య నిచ్చెన అక్కడే ఉండిపోయినది. వాడు ఆలోచించి, “అందరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది కదా” అన్నాడు. పెద్దలము మనము సిగ్గుపడవలసిన మాట అది.

ప్రియులారా, బ్రతుకుతెరువు కోసం కువైటు వెళ్ళి, పరుల బిడ్డలను పెంచుతూ కన్నబిడ్డను ఫోనులోనే చూసుకొనే తల్లులు మన సంఘములలో ఉన్నారు. వారి కన్నీరు దేవునికి తెలుసు, వారిని నేననడం లేదు. ఒకే కప్పు క్రింద ఉండి, పొలమని, సంఘమని, ఊరి పెద్దరికమని తిరుగుతూ, “తరువాత చెబుతాను” అనే నాలాంటి తండ్రులతో మాట్లాడుచున్నాను. తన ఇంటిని ఏలుకోలేనివాడు సంఘమును ఎలా చూచుకొనగలడని పౌలు తిమోతిని అడిగిన ప్రశ్న నేను ఎన్నోసార్లు ఇతరులకు బోధించాను. నన్ను నేను అడుగుకొన్నది ఆ బజారు సందులోనే.

ఇంటికి వచ్చిన తరువాత నేను పూర్తిగా మారిపోయానని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ ఎవరైనా “అయ్యగారూ” అని పిలిస్తే అన్నము మధ్యలో లేచి వెళ్తాను. అయితే రాత్రి ప్రార్థనలో సంఘములోని పేర్లన్నీ అయ్యాక “మా కుటుంబమును దీవించుము” అని ముగించే అలవాటు మానుకొన్నాను. మొదట వాడి పేరు చెబుతున్నాను. చెప్పే ముందు, ఈ రోజు వాడు నన్ను ఏమి అడిగాడు, నేను జవాబు చెప్పానా అని తలచుకొంటున్నాను.

ఈ రాత్రి మీ ఇంట దీపము ఆర్పక మునుపు మీరు కూడా మీ బిడ్డలను పేరు పేరున లెక్కపెట్టండి. జవాబు దొరకని ప్రశ్న ఎవరి దగ్గరైనా మిగిలియుంటే, రేపటికి వాయిదా వేయకండి. తప్పిపోయినవారిని వెదకి రక్షించు ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.