నడవని యాత్ర, చూడని ప్రకృతి: తెలుగు ఎం.ఏ.లో రచనాశిక్షణ ఆవశ్యకత

తెలుగు స్నాతకోత్తర విద్యలో యాత్రాసాహిత్యానికి చోటు ఉంది; యాత్రారచనకు లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి బయలుదేరి పదిహేను నెలలకు పైగా సాగించిన ప్రయాణం ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయిందని విద్యార్థులు చదువుతారు, దాని చారిత్రక ప్రాధాన్యంపై వ్యాసం రాస్తారు. అయితే తమ ఊరి నుండి విశ్వవిద్యాలయానికి వచ్చిన దారిని గురించి నాలుగు పుటలు రాయవలసిన అవసరం వారికి సాధారణంగా రాదు. ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనల పట్టిక కంఠస్థమవుతుంది. తరగతి కిటికీ ముందున్న చెట్టు పేరు మాత్రం తెలియదు. దీనిని లోపంగా గుర్తించకపోవడమే అసలు లోపం.

సృజన బోధనకు లొంగదని, కవి పుట్టవలసినవాడే కాని తయారుకాడని ఒక వాదం ఉంది. సంప్రదాయం పేరుతో వినిపించే ఈ వాదాన్ని సంప్రదాయమే సమర్థించదు. మమ్మటుడు కావ్యహేతువులలో శక్తి, నిపుణతలతో పాటు కావ్యజ్ఞుల శిక్షణలో చేసే అభ్యాసాన్నీ చేర్చాడు. రాజశేఖరుని ‘కావ్యమీమాంస’లో నేడు లభిస్తున్న 18 అధ్యాయాలలో చివరి రెండు దేశవిభాగానికి, కాలవిభాగానికి సంబంధించినవి. ఏ ప్రాంతంలో ఏ కొండలు, నదులు ఉన్నాయో, ఏ ఋతువులో ఏ గాలి వీస్తుందో, ఏ పువ్వు పూస్తుందో కవికి తెలిసి ఉండాలన్నది అక్కడి భావం. అదే గ్రంథం కవిసమయాలనూ బోధించింది. తెలుగు తరగతి కవిసమయాన్ని నిలుపుకొని దేశకాలాలను వదిలివేసింది.

ఇతర దేశాల విశ్వవిద్యాలయాలు ఈ పనిని ఎన్నడో చేపట్టాయి. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లోను, బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లోను రచనాశిక్షణను ఉన్నతవిద్యలో భాగం చేశాయి. బ్రిటన్‌లోనే బాత్ స్పా విశ్వవిద్యాలయం యాత్రా, ప్రకృతి రచనలకే ప్రత్యేకించి ఎం.ఏ. స్థాయి చదువును ఏర్పరచింది. అయితే ఆ నమూనాను యథాతథంగా దిగుమతి చేసుకోవడం మరొక పొరపాటు అవుతుంది. ఆంగ్ల యాత్రారచనలో చాలా భాగం సామ్రాజ్య విస్తరణతో కలిసి పెరిగింది. అందులో చూసేవాడు ఒకడు, చూడబడేవాడు మరొకడు. నల్లమల చెంచులకు అడవి దృశ్యం కాదు, నివాసం. వారిని దృశ్యంలో భాగంగా చిత్రించే రచనను నేర్పడం కంటె ఏమీ నేర్పకపోవడమే మేలు.

మూల్యాంకనం అసాధ్యమన్నది మరొక అభ్యంతరం. కొలవవలసినది ప్రతిభను కాదు, పనిని. విద్యార్థి ఆ చోటికి ఎన్నిసార్లు వెళ్లాడు? కళ్లతో చూసినదానిని, విన్నదానిని, చదివినదానిని వేరుచేసి చెప్పాడా? చెట్టును, పిట్టను స్థానికులు పిలిచే పేరుతో పిలిచాడా? మొదటి ప్రతికీ చివరి ప్రతికీ మధ్య ఏమి దిద్దుకున్నాడు? ఇవన్నీ పరీక్షించదగినవే. కొల్లేరు గురించి రాయబూనిన వారికి పక్షుల అందం ఒక్కటే చాలదు. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్సార్ చిత్తడి నేలల జాబితాలో చేరి, 2006లో చేపల చెరువుల గట్ల తొలగింపును చూసిన సరస్సు అది. పక్షి పక్షాన నిలిచే రచన, చెరువు మీద బతికిన కూలీకి ఏమి సమాధానం చెబుతుందన్న ప్రశ్న వర్ణనాశక్తికీ, వివేకానికీ ఒకేసారి పరీక్ష.

యాత్ర ఖర్చుతో కూడినదని, అది తీరిక ఉన్నవారి వ్యాసంగమని అనేవారు దూరాన్ని యాత్రగా పొరబడుతున్నారు. వీరాస్వామయ్య గ్రంథానికి విలువ తెచ్చినది కాశీ ఒక్కటే కాదు; మజిలీ మజిలీకీ దూరాన్ని, నీటి వసతిని, జనుల ఆచారాలను విడువక నమోదు చేసిన ఓపిక. ఆ ఓపికకు పక్క ఊరి చెరువుగట్టు చాలు.

ఆలస్యానికి మూల్యం కూడా ఉంది. పోలవరం ముంపు వల్ల గోదావరి తీరాన కోయ, కొండరెడ్ల ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. ఊరితో పాటు వాగుల పేర్లు, గట్ల పేర్లు, ఏ ఋతువులో ఏ దుంప తవ్వాలో తెలిపే మాటలు వాడుక తప్పుతాయి. పునరావాస జాబితాలలో ఇళ్ల లెక్క ఉంటుంది, ఈ మాటల లెక్క ఉండదు. వాటిని పుట్టుకతో ఎరిగిన యువత నేడు విశ్వవిద్యాలయాల మెట్లు ఎక్కుతోంది. వారి చేత ఇతరుల యాత్రలపై సిద్ధాంతవ్యాసాలు మాత్రమే రాయించి పంపివేయడం విద్య అనిపించుకోదు. ఒక్క సెమిస్టరులో ఒక్క పత్రాన్నైనా చూసి రాసే పనికి కేటాయించడానికి కొత్త శాఖ అక్కరలేదు, కొత్త భవనం అక్కరలేదు. రేపటి పరిశోధకులకు ఆధారగ్రంథాలు కావాలంటే నేటి విద్యార్థులు వాటిని రాయాలి.