ధాత కరువు నుంచి ఫుడ్ బ్యాంకు దాకా

2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో తాము క్రైస్తవులమని రాసుకున్నవారు 46.2 శాతం. అంతకు పదేళ్ల ముందు 59.3. సగం కన్నా తగ్గడం అదే మొదటిసారి. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతానికి పెరిగారు. ఒంగోలు నుంచో మెదక్ నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు క్రైస్తవులకు ఈ మార్పు లెక్కలు చూడకుండానే తెలుసు. చాలా ఊళ్లలో ఉదయం ఆరాధనకు తల నెరిసినవాళ్లు నలుగురైదుగురు వస్తారు. మధ్యాహ్నం అదే చర్చి హాలును అద్దెకు తీసుకుని తెలుగు ఫెలోషిప్ కీర్తనలు పాడుకుంటుంది. బడిలో తోటి పిల్లలు “మీరు చర్చికి ఎందుకు వెళ్తారు?” అని నిజంగానే తెలియక అడుగుతారు.

దీన్ని విశ్వాసం మీద దాడిగా చెప్పుకునేవారున్నారు. అది పూర్తి నిజం కాదు. మెడలో శిలువ కనబడకూడదన్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ నిబంధనపై ఆ సంస్థ ఉద్యోగి నాడియా ఎవీడా పోరాడిన కేసులో, 2013 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చింది. అదే తీర్పులో నర్సు షిర్లీ చాప్లిన్ ఓడిపోయారు. వార్డులో శిలువ గొలుసు వేలాడితే రోగికీ నర్సుకూ ప్రమాదమన్న ఆసుపత్రి వాదన నెగ్గింది. ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు నర్సులకు ఆ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ గొలుసు తీసి లాకర్లో పెట్టాక విశ్వాసం దేనిలో కనబడాలి? అసలు ప్రశ్న అదే.

దానికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమందికి కూలి దొరికింది, కూడు దొరికింది. పనివాళ్లలో మాదిగలు ఎక్కువ. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు అడుగుతూనే ఉన్నా, కరువు పని సాగినన్నాళ్లూ ఆయన ఒప్పుకోలేదు. అన్నం కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పని ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులు. అంతమంది వచ్చారని చరిత్ర ఘనంగా చెప్పుకుంటుంది. అంతకుముందు ఆయన కాదన్న నెలలు మరింత ఘనమైనవి.

మతం మీద ఆసక్తి లేని సమాజంలోనూ నమ్మకం సంపాదించేది ఆ పద్ధతే. పాడీ, కారల్ హెండర్సన్ దంపతులు 2000లో సాలిస్‌బరీలో తమ ఇంటి షెడ్డులోనూ గ్యారేజీలోనూ ఫుడ్ బ్యాంకు మొదలుపెట్టారు. పిల్లలు ఆకలితో పడుకుంటున్నారని ఒక తల్లి మొరపెట్టుకోవడమే దానికి కారణం. అలా మొదలైన ట్రస్సెల్ సంస్థ ఫుడ్ బ్యాంకులు ఇప్పుడు దేశమంతటా ఉన్నాయి, చాలావరకు చర్చి హాళ్లలోనే నడుస్తాయి. డాక్టరో సోషల్ వర్కరో ఇచ్చిన వోచరు చూపితే కనీసం మూడు రోజుల తిండి ఇస్తారు. మతం అడగరు. వెనక గదిలో వాలంటీర్లు బీన్స్ డబ్బాల మీద గడువు సంవత్సరాన్ని మార్కర్‌తో పెద్దగా రాసి, ముందు అయిపోయేవాటిని ముందు వరసలో పేరుస్తుంటారు. ఆ బల్ల దగ్గర ఏ నమ్మకమూ లేని పక్కింటాయన, ప్రార్థన చేసుకుని వచ్చిన గుంటూరు అమ్మాయి భుజం భుజం కలిపి పనిచేయగలరు. అక్కడ ఆమె తన విశ్వాసం గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. అడిగితే చెప్పగలిగితే చాలు.

మన ఊళ్లలో కోత పండుగకు గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం బస్తాలు గుడికి తెచ్చి వేలం వేస్తారు. ఇక్కడి చర్చీల్లో హార్వెస్ట్ ఆదివారం వచ్చిన డబ్బాలు ఎక్కువగా ఫుడ్ బ్యాంకుకే వెళ్తాయి. తెలుగు ఫెలోషిప్‌లు ఆతిథ్యమిచ్చిన చర్చితో కలిసి ఆ పండుగ చేసుకుంటే, ఒకే హాల్లో ఉంటూ ముఖాలు తెలియని రెండు సంఘాలకు పరిచయమూ అవుతుంది. క్రిస్మస్‌కు విరాళాలు పోటెత్తి జనవరిలో తగ్గిపోతాయి. జనవరిలోనే సంక్రాంతి సంబరాలు. ఈసారి ప్రవేశ ద్వారం దగ్గర ఒక పెట్టె పెట్టమని నిర్వాహకులను కోరుతున్నాం. పప్పు, పాస్తా, పాల డబ్బాలు ఏ మతం వారైనా వేయవచ్చు.